నాలుగో ప్రతి

సిద్ధార్థి నామ సంవత్సరం జ్యేష్ఠమాసంలో నన్ను అమలాపురం గ్రంథ పరిష్కర్తల సభలో అభ్యర్థిగా నమోదు చేసుకున్నారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. కొత్తపేటలో పన్నెండేళ్ళుగా తాటాకు గ్రంథాలకు నకళ్ళు రాస్తూ బతుకుతున్నాను. మా నాన్నగారిదీ అదే వృత్తి.

లేఖకుడికీ పరిష్కర్తకీ ఉన్న తేడా ఈ కాలం వాళ్ళకు తెలియదు కాబట్టి చెబుతాను. లేఖకుడు ఎదుట ఉన్న తాటాకు కమ్మలో ఏముంటే అది దింపుతాడు. తప్పని తెలిసినా దిద్దే అధికారం అతనికి లేదు. పరిష్కర్త ఒకే గ్రంథానికి దొరికినన్ని ప్రతులు సంపాదించి, పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి చోటా కవి అసలు అన్నది ఏదో తేల్చి చెబుతాడు. తెలిసి తెలిసి తప్పులు రాయడమంత విసుగు పని మరొకటి లేదు. నాన్నగారికి నలభై అయిదో ఏటికే చూపు మందగించింది. నేను గంటం కింద పెట్టగానే అరుగు మీద నుంచి, "ఏరా అబ్బాయీ, ఇవాళెన్ని తప్పులు రాశేవు?" అని అడిగేవారు. ఆయన నవ్వుతూనే అడిగేవారు గాని నాకు మాత్రం ఒళ్ళు మండేది. నా కళ్ళు పోయేలోగా ఈ వృత్తి నుంచి బయటపడాలని గట్టిగా ఉండేది. చెన్నపట్నం అచ్చుకూటాలు అప్పుడప్పుడే తెలుగు పుస్తకాలు వేస్తున్నాయి. వాటికి పరిష్కర్తలు కావాలి. కాని సభ పరీక్ష గెలిచి శాలువా కప్పించుకోనివాడి ఉత్తరానికి ఆ రోజుల్లో జవాబు కూడా వచ్చేది కాదు.

సభలో సభ్యులు ఏడుగురు. అధ్యక్షులు సోమయాజులుగారు గొప్ప పండితులు, మంచివారు, నిబంధన తప్పితే అన్నం సయించని మనిషి. కార్యదర్శి కామేశంగారు ఆ నిబంధనలను రాసిన మనిషి. వాటిలో నాకు సంబంధించినవి నాలుగు. గ్రంథకర్త గతించి ఉండాలి, ఎందుకంటే బతికున్న కవి పరిష్కరణకు అడ్డం వస్తాడు. మూడు ప్రతులకు తక్కువైతే పని మొదలుపెట్టకూడదు. ఎక్కువ ప్రతుల్లో ఉన్న పాఠమే పాఠం, సమానంగా చీలితే పాత ప్రతిది గెలుపు. ప్రతి చోటా ఒక్కటే పాఠం నిర్ణయించి అభ్యర్థి శుద్ధప్రతి మీద వ్రాలు, అంటే సంతకం, చెయ్యాలి. ఆ వ్రాలు పడ్డాక దాన్ని మార్చగలవాడు వ్రాలు చేసినవాడొక్కడే, అదీ సభ అనుమతి తీసుకున్నాకనే.

నాకు పరీక్షగా వచ్చిన గ్రంథం పేరు 'మొగ దారి'. గోదావరి సముద్రంలో కలిసే చోటును మా వైపు మొగ అంటారు. అంతర్వేది మొగలో ఇసక మేటలు తప్పించుకుని పడవను సముద్రంలోకి ఎలా దాటించాలో చెప్పే పాట అది. రాజోలు షావుకారు శేషయ్యగారి కొబ్బరికాయల పడవ ఒకటి అంతకు ముందు ఏడు ఆ మొగలోనే బద్దలై నలుగురు పోయారు. ఆయన ఆ పాటను అచ్చు వేయించి, తన పడవలన్నిటికీ ఒక్కో పుస్తకం ఇద్దామనుకున్నారు. తండేలుకు, అంటే పడవ నాయకుడికి, చదువు రాకపోతే పడవ గుమాస్తా చదివి వినిపిస్తాడు. శేషయ్యగారు ఆ పని సభకు అప్పగించారు. శృంగారం లేని కావ్యాన్ని సభ్యులెవరూ తాకలేదు. అభ్యర్థినైన నా ఒళ్ళో పడేశారు.

నెల తిరక్కుండా మూడు ప్రతులు సంపాదించాను. అంతర్వేది బడిపంతులుగారి ఇంట్లో ఉన్నది అన్నిటికన్నా పాతది. దిండిలో ఒక కరణంగారి దగ్గర రెండోది దొరికింది. మామిడికుదురులో అటక మీద మూడోది, సగం చెదలు తిన్నది. మూడింటినీ ఎర్రగుడ్డలో చుట్టుకుని అమలాపురం చేర్చి సభ ముందు పెట్టాను.

ప్రతులు సరిచూసే పద్ధతి ఇది. ఒకరు ఒక ప్రతిని పైకి చదువుతారు. తక్కినవాళ్ళు తలా ఒక ప్రతి ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటారు. పంక్తి పూర్తయ్యాక తమ ప్రతిలోనూ అలాగే ఉంటే "ఆయ్" అంటారు. లేకపోతే "వేరు" అంటారు. కార్యదర్శి ఆ వేరును పుస్తకంలో ఎక్కిస్తారు. మొదటి నూటపాతిక పంక్తులూ పెళ్ళిపీటల మీద పెద్దల్లా ఆయ్, ఆయ్ అనుకుంటూ వెళ్ళిపోయాము. అసలు చోటికి వచ్చేసరికి బండి ఆగింది. గుడి శిఖరం కనిపించాక పడవ తూర్పు గట్టు పట్టుకుని పోవాలని అంతర్వేది ప్రతి అంది. పడమటి గట్టు పట్టుకోవాలని దిండి ప్రతి. రెండు గట్లూ వద్దు, నడిమధ్యన పొమ్మని మామిడికుదురు ప్రతి. మూడు ప్రతులు, మూడు దారులు. ఆ పాటంతటికీ ప్రాణం ఆ ఒక్క పంక్తిలోనే ఉంది.

మూడూ మూడు విధాలుగా ఉన్నప్పుడు పాతదాన్ని పట్టుకోవడానికి కూడా నిబంధన ఒప్పలేదు. పక్షానికి రెండేసి ప్రతులైనా ఉండి సమానంగా చీలినప్పుడే ఆ వెసులుబాటు ఉందని కామేశంగారు తేల్చారు. నాలుగో ప్రతి తెచ్చుకోమని నన్ను పంపించారు.

ఆషాఢంలో మళ్ళీ అంతర్వేది వెళ్ళాను. బడిపంతులుగారు నా మొహం చూసి, "నాలుగో ప్రతి ఉందండీ, కాని మీరు మోసుకుపోలేరు. వలలు అల్లుకుంటోంది," అన్నారు. ఒడ్డున కూర్చుని వల బాగుచేస్తున్న ముసలాయనను చూపించారు. ఆయన పేరు పోలయ్య. ఎనభై ఏళ్ళ తండేలు. ఆ పాట కట్టింది ఆయనే. ఆయనకు అక్షరం రాదు. ఆయన పాడుతుంటే ముగ్గురు మూడు వేర్వేరు ఏళ్ళలో రాసుకున్నవే నా మూడు ప్రతులూ.

గ్రంథకర్త బతికి ఉన్నాడు. మొదటి నిబంధన గుర్తొచ్చింది. ఆ క్షణంలో నాకు ఎంత నీచమైన ఆలోచన వచ్చిందో దాచను. ఈయన ఓ మూడు నెలల క్రితం పోయి ఉంటే నాకు ఏ చిక్కూ ఉండేది కాదు కదా అనుకున్నాను. ఆ పెద్దమనిషి మాత్రం నన్ను చాప మీద కూర్చోబెట్టి, లేత కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చి, తన పాట కోసం అమలాపురం నుంచి వచ్చినందుకు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయనను వెంటబెట్టుకుని బయలుదేరాను.

సభలో రెండు రోజులు చర్చ జరిగింది. మొదటి రోజు ఈయన బతికున్నారా లేదా అన్న విషయం మీద. బతికున్నారని నేనూ, చూడగా అలాగే ఉందని సోమయాజులుగారూ అన్నాము. కాని అంగీకరిస్తే గ్రంథం మొత్తం పరిష్కరణకు పనికిరాకుండా పోతుంది, శేషయ్యగారికి ఇచ్చిన మాట పోతుంది. గతించినట్టు భావించవచ్చునా అని ఒకరు అడిగారు. అలా అయితే మనమంతా స్నానం చెయ్యవలసి వస్తుందని ఇంకొకరు అభ్యంతరం చెప్పారు. పోలయ్య అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. "మీకేది సులువైతే అదే కానియ్యండి బాబూ," అన్నాడు.

రెండో రోజు కామేశంగారికి దారి దొరికింది. ఈయనను గ్రంథకర్తగా గుర్తించనక్కర లేదు, కంఠస్థంగా ఉన్న నాలుగో ప్రతిగా గుర్తిస్తే చాలునన్నారు. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ప్రతుల వివరాల పుస్తకంలో ఆయన ఇలా రాశారు, నేను చూసి దింపుకున్నాను: "నాలుగో ప్రతి. అంతర్వేది. పొడవు మూడున్నర మూరలు. ముందు పళ్ళు లుప్తం. ఎడమ చెవి వైపు శిథిలం. నడుమ నడుమ దగ్గు. మొత్తం మీద సమగ్రం." మిగతా మూడింటి పక్కన ఆయనకు చాప వేశారు. భుజాన ఎర్రగుడ్డ కప్పారు. చదివించినప్పుడు తప్ప ప్రతి మాట్లాడకూడదని కామేశంగారు హెచ్చరించారు.

"ఆయ్," అన్నాడు పోలయ్య.

నేను అంతర్వేది పాఠం చదివాను. పడవ తూర్పు గట్టు పట్టుకోవాలి. పోలయ్య "ఆయ్" అన్నాడు. రెండు ఒకటయ్యాయని కామేశంగారు కలం ఎత్తారు. నియమం ప్రకారం మిగతావీ చదవాలి కాబట్టి దిండి పాఠం చదివాను. పడమటి గట్టు. "ఆయ్," అన్నాడు. నడిమధ్య అన్నాను. దానికీ "ఆయ్" అన్నాడు. సోమయాజులుగారు కళ్ళజోడు తీసి, ఒక ప్రతి మూడు పాఠాలు ఎలా చూపిస్తుందని అడిగారు.

"మూడూ నిజవేనండి," అన్నాడు పోలయ్య. "తూరుపు గట్టు నా కుర్రతనంలోదండి. ఆ తరవాత పెద్ద వరదొచ్చి మేట తూరుపుకి జరిగిందండి, అప్పుడు పడమర అని మార్చేనండి. ఇంకో వరదకి మజ్జన దారి తెరుచుకుందండి. మేట ఎటు జరిగితే పాట అటు జరుగుద్దండి."

మరి ఇప్పుడు వీటిలో ఏది సరైనదని నేను అడిగాను.

"ఇప్పుడు ఏదీ కాదండి బాబూ. నిరుడు మళ్ళీ జరిగింది." ఆయన గొంతు సవరించుకుని కొత్త పంక్తి పాడాడు. సగం దూరం పడమటి గట్టు పట్టుకోవాలి, పల్లెవారి పాకల పొగ కంటబడగానే నడిమికి రావాలి.

సభ్యులు తమ తమ ప్రతులు తిరగేశారు. ఆ పంక్తి ఏ ప్రతిలోనూ లేదు. ఇలా ఆధారం లేకుండా తరవాతి వాళ్ళు చేర్చిన దాన్ని మా వృత్తిలో ప్రక్షిప్తం అంటారు, నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు. కవి తన పాటలో తానే చేర్చుకున్నది కూడా ప్రక్షిప్తమేనని ఆరుగురు అన్నారు, ఏడోవారు నిద్రపోతున్నారు. నాలుగో ప్రతి మూడు పాఠాలకూ ఒప్పుకుంది కాబట్టి ఒక్కో పాఠానికి రెండేసి ప్రతులై అన్నీ సమానంగా చీలినట్టే, కాబట్టి పాత ప్రతిది గెలుపు, తూర్పు గట్టే సరైన పాఠమని నిర్ణయించారు. నేను శుద్ధప్రతి రాసి వ్రాలు చేస్తే శాలువా నాది.

ఆ మధ్యాహ్నం అరుగు మీద పోలయ్య నాతో మాట్లాడాడు. నిరుడు పోయిన నలుగురిలో ఒకడు ఆయన మేనల్లుడట. పరాయి రేవుల్లో తిరిగేవాడు, ఇంటికి వచ్చి చాలా ఏళ్ళయింది. చుక్కాని దగ్గర కూర్చుని మామయ్య పాట పాడుకుంటూ పడవ నడిపాడు. పాడింది పాత పాట. "కొత్తది ఆడికి అందలేదండి," అన్నాడు. "అందుకే అచ్చేయిస్తారంటే ఇంత దూరం వచ్చేనండి. అచ్చులో ఉంటే అందరికీ అందుద్ది కదండీ."

ఇది విన్నాక కూడా నేను వ్రాలు చేశాను. అది ఈ రోజుకూ నాకు సిగ్గుగానే ఉంది. మొగ గురించి నాకేం తెలుసు, ఏడుగురు పండితులు తేల్చారు కదా అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు శాలువా కావాలి.

శ్రావణంలో శేషయ్యగారు సభను అంతర్వేది స్వామి సన్నిధికి ఆహ్వానించారు. శుద్ధప్రతిని స్వామి ముందు పెట్టి, అక్కడే నాకు శాలువా కప్పి, ఆ తరవాత ప్రతిని అచ్చుకు చెన్నపట్నం పంపాలని ఏర్పాటు. రాజోలులో పొద్దున్నే అందరం ఆయన పడవ ఎక్కాము. ప్రతులన్నీ ఒకచోటే ఉండాలని కామేశంగారు పట్టుబట్టడం వల్ల తాటాకు కట్టలున్న పెట్టె పక్కనే, భుజాన ఎర్రగుడ్డతో, పోలయ్యను కూర్చోబెట్టారు. పడవలోనే తొందరపడి సోమయాజులుగారు నాకు శాలువా కప్పేశారు. గాలి బాగుంది, ముహూర్తమూ బాగుందన్నారు. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. నాన్నగారికి ఇక ఏ జవాబు చెప్పాలా అని ఆలోచించుకుంటూ కూర్చున్నాను.

గుడి శిఖరం కనిపించింది. అక్కడ దిగిపోతే ఈ కథ లేదు. కాని పుస్తకం మహిమ కళ్ళారా చూడాలని శేషయ్యగారికి సరదా పుట్టింది. మొగ దాకా వెళ్ళి వద్దాము, దారి పుస్తకంలో ఉన్నట్టే పట్టాలి, తప్పితే చుక్కాని ఇంకొకడి చేతికి పోతుంది అని తండేలుకు చెప్పారు. నేను నిలబడి, శాలువా సర్దుకుని, తూర్పు గట్టు పంక్తి చదివాను. తండేలు ఒకసారి నీళ్ళకేసి, ఒకసారి నాకేసి చూశాడు. తరవాత తూర్పుకు తిప్పాడు.

మేట మెత్తగానే తగిలింది. ఎవరో కింద నుంచి చేత్తో పట్టుకున్నట్టు పడవ ఆగిపోయింది. ఆటు సమయం, నీళ్ళు వెనక్కి పోతున్నాయి. కాసేపటికి పడవ చుట్టూ నీళ్ళ అడుగున ఇసక కనిపించింది. బరువు తగ్గించడానికి అందరం దిగాము. ఏడుగురు పండితులు పంచెలు ఎగ్గట్టి మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి అక్కడే చర్చ మొదలుపెట్టారు. పడవ కూరుకుపోవడం గ్రంథానికి విరుద్ధమైన సాక్ష్యం కాదని కామేశంగారి వాదన, ఎందుకంటే పడవ ప్రతి కాదు. పాఠం సరిగానే ఉంది, మేటే ఉండవలసిన చోట లేదని ఇంకొకరు అన్నారు. దాన్ని కూడా కార్యదర్శి పుస్తకంలో ఎక్కించారు.

పోలయ్య మాత్రం పడవలోనే తన చోట కూర్చుని ఉన్నాడు. నేను దగ్గరికి వెళ్ళి, మేట వస్తోందని ముందే తెలుసా అని అడిగాను.

"తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"చదివిస్తేనే ప్రతి మాటాడాలన్నారు కదండీ. మెత్తటి ఇసక, పోటొచ్చేదాకా పర్లేదండి." సముద్రంకేసి చూశాడు. "ఇప్పుడొస్తందండి."

నేనూ చూశాను. మొగ అవతల తెల్లటి గీత ఒకటి లేచింది. పోటు అలలు పడవ పక్కకు తగిలితే ఏమవుతుందో తండేలు మొహంలో కనిపించింది. నిరుడు పడవ బద్దలైంది అలాగే. అందరూ ఒకరినొకరు లాక్కుంటూ పడవెక్కారు. మొదటి అల అంచు మీదుగా లోపలికి దూకింది, పడవ ఒక పక్కకు ఒరిగింది. గెడకర్రలు వేసి కదల్చవచ్చు, కాని ఎటు తిప్పాలి? పుస్తకం తూర్పంటోంది, తూర్పున ఇంకా ఇసకే. తండేలు చుక్కాని పట్టుకుని షావుకారుగారి మొహం చూశాడు. షావుకారుగారు సోమయాజులుగారిని చూశారు. అప్పుడు కూడా ఆయన నోట నిబంధనే వచ్చింది. "వ్రాలు చేసినవాడే మార్చాలయ్యా, సభ అనుమతితో. సభ... సభ జరపడానికి ఇది..." అంటుండగా రెండో అల ఆయన నోట్లో నీళ్ళు కొట్టింది.

నాకు నిరుడు పోయిన నలుగురి కుటుంబాలు గుర్తొచ్చాయి. భయంతో పాటు కోపమూ వచ్చింది, అంతా నా మీద నాకే. మొలలో గంటం ఉంది. శుద్ధప్రతిలో ఆ కమ్మ తీసి, తూర్పు గట్టు అన్న మాటలను గీకేశాను. ఆ ఖాళీ కింద హంసపాదం పెట్టాను, అంటే ఇక్కడ వేరే మాట చేర్చాలి అనే గుర్తు. ఆ తొందరలో తాటాకు చీలింది. తండేలు అరిచాడు: "ఏటి రాసేరండి బాబూ? చదవండి!"

"పోలయ్యను అడుగు," అని చదివాను.

తండేలు అప్పటికే ఆయన వైపు తిరిగాడు. ఎర్రగుడ్డ జారవిడిచి పోలయ్య లేచి నిలబడ్డాడు. గెడలు ఏ పక్క వెయ్యాలో చెప్పాడు, మూడో అల పడవను లేపేదాకా ఆగమన్నాడు, లేవగానే పడమరకు పట్టమన్నాడు. ఎనభై ఏళ్ళ గొంతు ఆ హోరులో అందరికీ వినబడింది. పాకల పొగ కంటబడగానే నడిమికి తిప్పించాడు. మేము తడిసి ముద్దయి, ప్రాణాలతో, మధ్యాహ్నానికి అంతర్వేది రేవులో దిగాము.

ఆ సాయంత్రమే సత్రం అరుగు మీద సభ జరిగింది. ఒకే తీర్మానం చేశారు. అందులో మొదటి సగం సభ్యుల ప్రాణాలు కాపాడినందుకు నాకు కృతజ్ఞత. రెండో సగం అనుమతి లేకుండా నిర్ణీత పాఠాన్ని గీకినందుకు నన్ను సభ నుంచి తొలగించడం. ఏడుగురూ వ్రాలు చేశారు. శాలువా తడిగానే తిరిగి ఇచ్చేశాను. పొద్దున కప్పారు, దీపాల వేళకు తీసుకున్నారు. సోమయాజులుగారు ఒక్కరే నా చెయ్యి పట్టుకుని, నేను చేసింది మంచి పనే, కాని పద్ధతి కాదన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు.

శేషయ్యగారు మాత్రం చెన్నపట్నం పంపడానికి నేను గీకిన ప్రతినే అడిగారు. కాగితం మీద దానికి నకలు రాసి పంపాను. నెలన్నరకు అచ్చుకూటం నుంచి ఉత్తరం వచ్చింది. నూట ఇరవై ఆరో పంక్తి దగ్గర ఖాళీ ఉంది, అక్కడ ఏ అక్షరాలు కూర్చాలి అని. ఏమీ కూర్చవద్దు, నాలుగు పంక్తులు పట్టేటంత చోటు వదలండి, కింద మాత్రం 'వరద తీశాక అంతర్వేదిలో అడిగి రాసుకోవలెను' అని వెయ్యండి అని జవాబు రాశాను. అలాగే వేశారు. ఏటా కార్తీకంలో పడవ గుమాస్తాలు పోలయ్య దగ్గరికి వెళ్ళి, పాతది కొట్టేసి కొత్తది రాసుకునేవారు. ఆయన పోయాక ఆయన కూతురు కొడుకును అడిగేవారు. ఖాళీ వదలమన్నవాడు ఎలా పనిచేస్తాడో చూడాలని అచ్చుకూటం వారే నాకు ఇంకో గ్రంథం పంపారు, తరవాత ఇంకొకటి. అలా శాలువా లేకుండానే ముప్ఫై ఏళ్ళు పరిష్కర్తగా పనిచేశాను.

వృత్తిలో నేను నేర్చుకున్నవి చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం చదువుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. ఆ మేట మీద నేర్చుకున్నది ఒక్కటే. చెప్పగలవాడు ఎదురుగా కూర్చుని ఉండగా ప్రతులు లెక్కపెట్టకూడదు.